గోడ మీది ఆ ఫోటో దించండి: లైసెన్సు తుపాకీ ఉన్న మా ప్రాంతపు పెద్దలకు బహిరంగ లేఖ

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు లైసెన్సు తుపాకీ ఉన్న అన్నయ్యలకు, బాబాయిలకు, పెద్దలందరికీ నమస్కారం.

నేను పర్లాకిమిడిలో ఫోటోలు తీసి బతికేవాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా మీ ఇళ్ళల్లో శుభకార్యాలకు వస్తున్నాను. మీలో కొందరి పెళ్ళిళ్ళు నేనే తీశాను, ఇప్పుడు మీ పిల్లల పెళ్ళిళ్ళు తీస్తున్నాను. మీ ఇంట అన్నం తిన్నాను. అలాంటివాడు ఎదురుగా కూర్చుని చెప్పకుండా ఇలా అందరికీ తెలిసేలా రాశాడేమిటని నొచ్చుకోకండి. ఒక్కరింటికి వెళ్ళి చెబితే ఆ ఒక్కరినే తప్పుబట్టినట్టవుతుంది. ఇందులో నా తప్పు కూడా ఉంది, అది ముందు ఒప్పుకోవాలి.

అడిగేది ఒక్కటే. మీ తుపాకీని నలుగురికీ చూపించకండి. పెళ్ళిలో భుజాన వేసుకోవద్దు. ఊరేగింపులో పైకెత్తొద్దు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. ఫ్రేము కట్టించి హాలు గోడకు తగిలించొద్దు. తుపాకీ ఉండడమే తప్పని నేననను. అడవి పందులు ఒక్క రాత్రిలో ఎకరం మొక్కజొన్న ఎలా దున్నేస్తాయో నేను చూశాను. బంగారం కొట్టువాళ్ళ భయం నాకు తెలుసు. ఉంటే ఉండనివ్వండి. అది ఉందన్న సంగతి కలెక్టరాఫీసుకు తెలియాలి, ఠాణాకు తెలియాలి, మీ ఇంట్లోవాళ్ళకు తెలియాలి. వీధికి ఎందుకు?

పోయిన ఏడాది మాఘమాసంలో ఒక పెళ్ళి. ముహూర్తం అయిపోయింది, సాయంత్రం రిసెప్షను. పెళ్ళికొడుకు మేనమామగారు కారులోంచి తోలు సంచి తెప్పించి, అందులోంచి జంట గొట్టాల తుపాకీ తీశారు. పాతది, బాగా చూసుకున్నది. చెక్క పిడి చేతులు తగిలి తగిలి నున్నగా నల్లబడింది. దగ్గరికి వస్తే నూనె వాసన. "అల్లుడూ, ఒకటి తీయించుకోవోయ్" అని కుర్రాడి చేతికిచ్చారు. పాపం, ఆ కుర్రాడు భువనేశ్వర్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసుకునేవాడు, ముందు మొహమాటపడ్డాడు. నేనే దగ్గరికి వెళ్ళాను. గడ్డం కొంచెం పైకెత్తమన్నాను. గొట్టం కొంచెం ఇటు తిప్పమన్నాను. ఎడమ చెయ్యి కింద ఇలా పెట్టు బాబూ, ఇప్పుడు రాజసంగా ఉంది అన్నాను. తుపాకీ ఎప్పుడూ పట్టనివాడికి ఎలా పడితే బాగుంటుందో నేర్పినవాణ్ణి నేను. ఫోటో చాలా బాగా వచ్చింది. ఆ రాత్రికే నాలుగైదు గ్రూపుల్లో తిరిగింది. మరునాడు పెద్ద సైజులో ఫ్రేము కట్టి ఇమ్మన్నారు, కట్టి ఇచ్చాను.

మా పనిలో ఫోటో తీయడం ఒక ఎత్తు, రాత్రి కూర్చుని కంప్యూటరులో పెద్దది చేసి చూసుకోవడం ఇంకో ఎత్తు. ఆ ఫోటో అంచుల్లో ఉన్నవాళ్ళను అప్పుడు చూశాను. ఎడమ పక్కన ఒకావిడ నవ్వుతూనే ఉంది. ఆమె చెయ్యి మాత్రం తన పిల్లను చీర కుచ్చెళ్ళ వెనక్కి లాగేసుకుంది. సన్నాయి ఆయన వాయిద్యం నోటి దగ్గరినుంచి దించేశాడు. వెనక తాంబూలం పట్టుకుని ఒక ముసలాయన, ఒళ్ళు సగం పక్కకు తిరిగిపోయి ఉన్నాడు. నేను ఆ అంచులన్నీ కత్తిరించేశాను. పెళ్ళికొడుకు, తుపాకీ, వెనక పూల అలంకరణ, అంతే మిగిలాయి.

మూడు నెలల తర్వాత ఆ ముసలాయన మా స్టూడియోకు వచ్చాడు, పాస్‌పోర్టు సైజు ఫోటోల కోసం. ఇద్దరం మాట్లాడుకున్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"దేనికి తాతా ఫోటోలు?"

"కాయితాలకి బాబూ. గట్టు తగువు తెగిపోనాది."

"మంచిదే గదా. ఎలా తెగింది?"

"ఏటుంది, ఆళ్ళు ఎక్కడ పాతమంటే అక్కడ రాళ్ళు పాతీసినాం."

"సర్వే అమీనును పిలిచి కొలిపించలేదా?"

"ఏటి కొలిపిస్తాం బాబూ. ఆళ్ళింట తుపాకుంది గదా. మా మనవడు సెల్లులో సూపించినాడు. నువ్వు తీసిన పోటోయే."

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి, వాళ్ళేమైనా అన్నారా, బెదిరించారా అని అడిగాను. "నేదు బాబూ. ఆ బాబు మంచోడే. ఎదురైతే బాగున్నావా తాతా అంటాడు. మా ముసిల్ది మాత్రం, మనకెందుకు, వదిలీ అనీసింది." మూడు మూరల వెడల్పున, పొలం పొడవునా పోయింది ఆయనకు. ఫోటోల డబ్బులు వద్దంటే ఊరుకోలేదు, బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

అయ్యా, ఆ తుపాకీ గలాయన బెదిరించలేదు. నేను నమ్ముతాను, ఆయన అలాంటి మనిషి కాడు. ముసలాయన ఎందుకు తగ్గాడో ఆయనకు ఈ రోజుకీ తెలిసి ఉండదు. కొలతలో తనదే న్యాయమని తేలిందనే అనుకుంటూ ఉంటాడు. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. తుపాకీ పేలలేదు, సంచిలోంచి రెండోసారి బయటికి కూడా రాలేదు, అయినా దాని పని అది చేసేసింది. చేయించుకున్నవాడికి తెలియదు, నష్టపోయినవాడు చెప్పుకోడు. ఎవరూ ఫిర్యాదు ఇవ్వరు కాబట్టి ఏ ఠాణాలోనూ దీనికి లెక్క ఉండదు. మీరు ఒక ఫోటో పెట్టుకున్నామనుకుంటారు. మీ పొలం పక్కవాడు, మీ దగ్గర కూలి బాకీ రావాల్సినవాడు, మీ ఇంట్లో అద్దెకుండేవాడు, మీ అబ్బాయిని కాదనాలనుకున్న ఆడపిల్ల తండ్రి, వీళ్ళందరూ ఆ ఫోటో చూసి ఏం మాట మింగేశారో మీకు ఎలా తెలుస్తుంది?

చట్టం సంగతి మీకు చెప్పేటంతవాణ్ణి కాను. లైసెన్సు తీసుకున్నవాళ్ళు మీరు, నాకంటే బాగా తెలిసి ఉండాలి. అయినా ఆ రోజు తర్వాత ఒక వకీలు గారిని అడిగి తెలుసుకున్నాను. 1959 నాటి ఆయుధ చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల్లోనే ఉంది: బహిరంగ ప్రదేశంలో తుపాకీ తీసుకెళ్ళేటప్పుడు దానికి తగిన సంచిలో, పూర్తిగా కప్పి ఉంచాలి. పెళ్ళిళ్ళలో, సభల్లో, జాతరల్లో, ఊరేగింపుల్లో తుపాకీ ఝుళిపించకూడదు, పేల్చకూడదు. అలా చేస్తే లైసెన్సు రద్దు చేయవచ్చు. 2019 సవరణలో సంబరాల కాల్పులనే విడిగా నేరం చేశారు. పక్కవాళ్ళ ప్రాణం మీదికి తెచ్చేలా పేలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఊరికే రాలేదు ఆ సవరణ. 2016 డిసెంబరులో పంజాబ్‌లోని మౌర్ మండీలో ఒక పెళ్ళి వేదిక మీద నాట్యం చేస్తున్న అమ్మాయికి ఇలాగే సంబరంగా పేల్చిన తూటా తగిలి, అక్కడికక్కడే చనిపోయింది. 2022 నవంబరులో పంజాబ్ ప్రభుత్వం ఆయుధాల బహిరంగ ప్రదర్శనను నిషేధించింది, సోషల్ మీడియాలో పెట్టడంతో సహా. మన దగ్గర అంత దాకా రాకముందే మనమే మానుకుంటే మంచిది కదా అని నా బాధ.

మీరేం అంటారో నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా విందుల్లో మీ పక్కన నిలబడి విన్నవాణ్ణే. "ఉందని తెలిస్తేనే గదా దొంగ భయపడేది. దాచుకుంటే ఇంకెందుకు?" అంటారు. దీని మీద చాలా ఆలోచించాను.

తుపాకీ ఉందని తెలిసిన దొంగ మీరు ఇంట్లో ఉన్నప్పుడు రాడేమో. మీరు విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్ళిన వారం చూసుకుని వస్తాడు. బంగారం కంటే ముందు తుపాకీ కోసమే వస్తాడు. మన ప్రాంతంలో ఈ మాట కొత్తగా చెప్పాలా? 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ జిల్లా ఆయుధాగారం మీదే మావోయిస్టులు పడి తుపాకులు పట్టుకుపోయారు. 2006 మార్చిలో మన గజపతి జిల్లాలోనే ఆర్. ఉదయగిరి మీద దాడి జరిగింది. కాపలా ఉన్న చోటికే వచ్చి ఎత్తుకుపోయిన రోజులవి. ఆ రోజుల్లో తుపాకీ ఉన్న ఇళ్ళవాళ్ళు ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తేవారు కాదు. రాత్రి తలుపు తడితే "మా దగ్గరేం లేదు" అని చెప్పుకోవాల్సి వస్తుందన్న భయంతో కొందరు ఠాణాలోనే అప్పగించి వచ్చారు. ఆ భయం ఎరిగిన నాన్నల కొడుకులే ఇప్పుడు స్టేటస్‌లో పెడుతున్నారు.

అమెరికాలో తుపాకులు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ కూడా ఈ ప్రశ్న తిరగబడి వచ్చింది. 2012 డిసెంబరు 14న న్యూటౌన్ అనే ఊళ్ళో శాండీ హుక్ బడిలో ఒక యువకుడు 20 మంది పసిపిల్లల్ని, ఆరుగురు పెద్దవాళ్ళని కాల్చి చంపాడు. ఆ నెలలోనే ది జర్నల్ న్యూస్ అనే పత్రిక, న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌చెస్టర్, రాక్‌లాండ్ కౌంటీల్లో పిస్టల్ పర్మిట్ ఉన్నవాళ్ళ పేర్లూ చిరునామాలూ మ్యాపు మీద పెట్టి అందరికీ చూపించింది. మండిపడింది ఎవరు? తుపాకీలు ఉన్నవాళ్ళే. మా ఇళ్ళు దొంగలకు చూపిస్తారా అన్నారు. లేనివాళ్ళు కూడా, మా దగ్గర లేదని దొంగలకు చెప్పేశారు కదా అన్నారు. 2013 జనవరిలో ఆ పత్రిక మ్యాపు తీసేసింది. అదే నెలలో వచ్చిన న్యూయార్క్ చట్టం, కోరుకున్నవాళ్ళు తమ పర్మిట్ వివరాలు బయటికి ఇవ్వొద్దని అడిగే వీలు కల్పించింది. అంత గొడవ పడి వాళ్ళు దాచుకున్న సంగతిని ఇక్కడ మనం మన చేత్తోనే, డబ్బిచ్చి ఫ్రేము కట్టించి మరీ చాటుకుంటున్నాం.

అదే దేశంలో టెక్సాస్‌లో 2016 నుంచి లైసెన్సు ఉన్నవాళ్ళు పిస్టల్ నడుముకు కనిపించేలా పెట్టుకుని తిరగవచ్చు, 2021 నుంచి చాలామందికి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు. సరే, వాళ్ళ పద్ధతి వాళ్ళది. అక్కడ కూడా కొట్టువాడు తన గుమ్మం దగ్గర బోర్డు పెట్టుకోవచ్చు, కనిపించేలా తుపాకీ పెట్టుకుని లోపలికి రావద్దని. బోర్డు ఉంటే రాకూడదు, వస్తే నేరం. మన ముసలాయన ఏ గుమ్మానికి బోర్డు పెట్టుకుంటాడు? ఆ ఫోటో ఆయన మనవడి సెల్లులోకి అడగకుండానే వచ్చేసింది.

ఇంకో సంగతి. 2024 మార్చిలో ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకులు ఠాణాల్లో అప్పగించమన్నారు. మా వీధి చివర ఠాణా ముందు మీలో కొందరు గుడ్డల్లో చుట్టుకుని వచ్చి నిలబడడం చూశాను. మే 13న ఇక్కడా, గట్టు దాటితే ఆంధ్రలోని పాతపట్నంలోనూ ఒకే రోజు పోలింగు అయింది. లెక్కింపు అయ్యేదాకా ఆ తుపాకులు ఠాణాలోనే ఉన్నాయి. ఎండాకాలం, మేడల మీద పడుకునే రోజులు. ఆ రెండున్నర నెలలూ మీ ఇంట చెయ్యి ఖాళీ అని ఊరందరికీ తెలుసు. మీ ఇంటి మీదికి ఎవరైనా వచ్చారా? మీ మర్యాదకు ఏమైనా లోటు వచ్చిందా? మిమ్మల్ని బాబూ అని పిలిచేవాళ్ళు అప్పుడూ బాబూ అనే పిలిచారు.

ఆయుధపూజ గురించి అడుగుతారు. దసరాకు కత్తీ, కొడవలీ, ట్రాక్టరూ పెట్టి పూజ చేసుకున్నట్టే తుపాకీ పెట్టుకుంటారు, తరతరాల ఆచారం. పూజగదిలో, తూటాలు తీసేసి, కుంకుమబొట్టు పెట్టుకోండి. అమ్మవారు చూస్తుంది. ఆమె చూశాక ఇంకెవరు చూడాలి? గేటు ముందు బల్ల వేసి పెట్టి పిల్లల్ని పిలిచి దాని పక్కన నిలబెట్టి ఫోటోలు తీయించడమే నేను వద్దనేది.

ఇది రాయాలా వద్దా అని ఆగిన మాట ఒకటుంది. కొండ మీద మన సవరవాళ్ళ ఊళ్ళున్నాయి. అక్కడ పందులకూ దుప్పులకూ మందు కూరి కాల్చే నాటు తుపాకులు ఉంటాయి. పంట కాపాడుకోవడానికి అలాంటి తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు 1959 చట్టంలోనే ఉంది. కొండ దిగి ఆ కాగితాల చుట్టూ తిరగగలిగేవాళ్ళెందరు? లైసెన్సు లేకుండా దొరికితే రెండు నుంచి ఐదేళ్ళ దాకా జైలు. ఆ మనిషి పొలంలో కాగడా వెలుగులో కూడా దాన్ని ఆకుల కింద దాచుకుని తిరుగుతాడు. అతని కళ్ళ ముందే, కాగితం ఉన్న మనం పెళ్ళిపందిట్లో పైకెత్తి నవ్వుతాం. కాగితం మనకు ఉంచుకునే హక్కు ఇచ్చింది, నిజమే. అతనికి ఎలా అనిపిస్తుందో ఒక్కసారి ఆ వైపు నుంచి చూడండి.

మా అమ్మగారి నాన్న, గుణుపురం అవతల ఒక పల్లెలో ఉండేవారు. ఆయనకు ఒంటి గొట్టం తుపాకీ ఉండేది, పందుల కోసం తీసుకున్నదే. నా చిన్నప్పుడు సెలవులకు వెళితే అది అటక మీద పాత పంచెలో చుట్టి ఉండేది. తూటాలు వేరే చోట, బియ్యం డబ్బా వెనక చిన్న రేకు పెట్టెలో, తాళం మా అమ్మమ్మ మొలతాటికి. చీకటి పడ్డాకే దించేవారు, మంచె మీదికి తీసుకెళ్ళేవారు, తెల్లారక ముందే మళ్ళీ అటక ఎక్కేది. లైసెన్సు రెన్యువలుకు పట్నం వెళ్ళాల్సి వస్తే గోనెసంచిలో పెట్టి, పైన కందికట్టెలు నాలుగు కట్టి, బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకునేవారు. నేను ఒకసారి అడిగాను, ఎందుకు తాతా దాస్తావు, అందరికీ తెలుసు గదా అని. "తెలవడం ఏరు, సూడ్డం ఏరు" అన్నారు. "నా సేతిలో సూసినాక ఆళ్ళు నాతో మనసిప్పి మాటాడరురా." ఆ మాట నాకు అప్పుడు తలకెక్కలేదు. స్టూడియోలో ముసలాయన డబ్బులు బల్ల మీద పెడుతున్నప్పుడు గుర్తొచ్చింది.

దాచమంటే ఇంట్లోవాళ్ళ దగ్గర దాచమని కాదు. మీ భార్యకు, ఎదిగిన పిల్లలకు, అది ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుందో తెలియాలి. కొత్త కోడలు అడుగుపెట్టినప్పుడు ఆమెకు పెద్దవాళ్ళు కూర్చోబెట్టి చెప్పాలి. తుపాకీ ఇంట్లో ఉందని గోడ మీద ఫోటో చూసి తెలుసుకున్న కోడలికి అత్తవారింట్లో మొదటి రాత్రి ఎలా నిద్ర పడుతుంది? అల్లుడి చేతికి ఇచ్చి ఫోటో తీయించిన మేనమామలకు ఇంకొక్క మాట. లైసెన్సు మీ పేరున ఉంది, అతని పేరున లేదు. ఆ ఫోటోను ఎవరైనా ఠాణాలో పెడితే, కొత్త పెళ్ళికొడుకు మెట్లెక్కి సంజాయిషీ చెప్పుకోవాలి.

నా వంతు నేను చేస్తున్నాను. ఇక మీదట మా స్టూడియో తరఫున తుపాకీతో ఫోటో తీయం. మా కుర్రాళ్ళకు చెప్పేశాను. బేరం కుదిరేటప్పుడే చెబుతాం, పెళ్ళిలో అప్పటికప్పుడు మొహం మాడ్చుకోకుండా. పర్లాకిమిడిలో, గుణుపురంలో, బరంపురంలో ఈ పని చేసే నా తోటివాళ్ళకు కూడా ఇదే విన్నపం. ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గరికి వెళతారు, అందరం కాదంటేనే ఆగుతుంది. ఇదివరకు తీసిన వాటిలో తుపాకీ ఉన్నవి వెతికి నా కంప్యూటరులోంచి చెరిపేశాను, పదకొండు ఉన్నాయి.

ఆ మేనమామగారు ఈ ఉత్తరం చదువుతారని నాకు తెలుసు, ఎవరో ఒకరు పంపిస్తారు. బాబూ, మీ మీద నాకు కోపం లేదు. మీకు తెలియదని రాశాను. వీలు చూసుకుని ఒకరోజు ఆ తాత గారింటికి వెళ్ళండి. అమీనును వెంటబెట్టుకుని వెళ్ళండి, గొలుసు వేయించి కొలిపించండి. కొలతలో ఎవరిదైతే వాళ్ళది. ఆయన మీరు పిలిస్తే రాడు, మీరే వెళ్ళాలి.

హాలులో ఆ ఫోటో దించితే గోడ మీద ఖాళీ కనిపిస్తుంది. అదే సైజుకు సరిపోయేది ఇంకొకటి నా దగ్గర ఉంది. ఆ రోజు తెల్లవారుజామున, పెళ్ళికొడుకుకు వాళ్ళమ్మగారు బాసికం కడుతున్నారు. ముడి పడడం లేదు, ఆవిడ పళ్ళతో దారం పట్టుకుని ఉన్నారు, అబ్బాయి కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు, పక్కన మీరు దీపం పట్టుకుని నిలబడి ఉన్నారు. మీకు ఇంతవరకు చూపించలేదు. ఫ్రేము నేనే కట్టించి తెస్తాను, డబ్బులు వద్దు.

మీ పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు,
పర్లాకిమిడి